పల్నాటి ప్రయాణమునకు ఒక చిన్న సంచి

శివరాత్రికి కోటప్పకొండ పోవువారు, కార్తిక మాసాంతమున కారంపూడి వీరుల ఆరాధనకు పోవువారు, సెలవుదినములలో పిల్లలను వెంటబెట్టుకొని నాగార్జునసాగరమును, ఎత్తిపోతలను చూడబోవువారు, మిరపకోతల కాలమున పనికై దూరప్రాంతముల నుండి పల్నాటికి వచ్చువారు, వీరందరి చేతులలోను నేడు ఫోను ఉన్నది. ఆ ఫోనునకు ఛార్జరు, ఛార్జరునకు తీగ, తీగకు తోడు పవర్ బ్యాంకు, చెవులకు ఇయర్‌ఫోన్లు, చీకటికి దీపము, ఇట్లు ఒకదాని వెంట ఒకటి చేరి సంచిలో బట్టలకు చోటు చాలకుండ పోవుచున్నది. ఇన్ని మోసికొనిపోయియు, తీరా అవసరము వచ్చిన ఘడియలో ఫోను పలుకక ఊరకుండుట పలువురకు తెలిసిన సంగతియే.

పోవుచోటి ఎండ ఎట్టిది? కరెంటు ఎక్కడ దొరకును? రాత్రి ఎక్కడ గడుపవలెను? వెంట ఎవరు వచ్చుచున్నారు? ఈ ప్రశ్నలకు ఇంటిలోనే సమాధానము చెప్పుకొన్నచో సంచి దానంతట అదియే చిన్నదగును, ఖర్చును తగ్గును. పల్నాటిని దృష్టియందుంచుకొని ఈ విషయమును కొంత వివరింపదలచితిమి.

శ్రీనాథుని పేరిట ప్రచారములోనున్న చాటువులలో పల్నాటి నీటికరువును గూర్చియు, జొన్నకూటిని గూర్చియు విసుగు కనబడును. 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము నుండి 1967లో కాలువలకు నీరు విడిచిన పిదప ఆ ఫిర్యాదులో చాలభాగము తీరినది. ఎండ మాత్రము తీరలేదు. వేసవిలో రాష్ట్రమున మిక్కిలి వేడిగల ఊళ్ల పేర్లు చదువునపుడు రెంటచింతల పేరు తరచు ముందు వరుసలో వినబడును. ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటిన దినములు అచ్చట అరుదు కావు.

మన ఫోనులలోను, పవర్ బ్యాంకులలోను ఉండునది లిథియం అయాన్ బ్యాటరీ. విద్యుత్తు నిలువయుండుటకు దానిలో కొన్ని రసాయనిక మార్పులు జరుగవలెను. వేడి పెరిగినకొలది అక్కరలేని మార్పులు కూడ త్వరపడి, బ్యాటరీ తన నిలువశక్తిని శాశ్వతముగా కోల్పోవును. ఛార్జి అగుచున్నపుడు లోపల మరికొంత వేడి పుట్టును గనుక ఎండలో ఉంచి ఛార్జి చేయుట అన్నిటికంటె చెడ్డది. అనేక ఫోనులకు తయారుచేయువారు చెప్పు హద్దు 35 డిగ్రీలు. పల్నాటి వేసవిలో చెట్టునీడ కూడ ఆ హద్దునకు లోబడి ఉండదు. అద్దములు మూసి ఎండలో నిలిపిన కారులో, ఒక గంట గడచునప్పటికి వేడి బయటికంటె 20 డిగ్రీలకు మించి పెరుగును. బయట 45 ఉన్నచో లోపల ఎంతయగునో పాఠకులే లెక్కకట్టగలరు. కోటప్పకొండ దిగువన కారు నిలిపి, పవర్ బ్యాంకును ముందరి అద్దము క్రింద వదలి కొండయెక్కువారు ఈ లెక్కను మరువరాదు. సంచి నడుమ, బట్టల మడతలలో దానిని ఉంచుట మేలు. వేడెక్కిన ఫోనును ఐసునీళ్ల సీసాకు ఆనించుట మరియొక పొరపాటు. చల్లబడిన లోహముపై గాలిలోని తేమ నీరై లోనికి చేరును.

పవర్ బ్యాంకును కొనువారు సాధారణముగా దానిమీది పెద్ద అంకెను చూచి కొనుచున్నారు. ఆ అంకె అర్థమేమో తెలిసికొన్నచో డబ్బు చాల మిగులును. 10,000 మిల్లీ ఆంపియర్ అవర్లు అని వ్రాసినది లోపలి బ్యాటరీ యొక్క 3.7 వోల్టుల లెక్క. దీనిని గుణించినచో 37 వాట్ అవర్లు. నేటి ఫోను బ్యాటరీ పెద్దది ఇంచుమించు 19 వాట్ అవర్లు పట్టును. కాబట్టి ఫోను రెండు మారులు నిండవలెనని తోచును. కాని వోల్టేజిని మార్చుటలోను, తీగలోను, ఫోను లోపలను కొంత శక్తి వేడియై పోవును. నాలుగవ వంతు నుండి మూడవ వంతు వరకు పోవుననుకొనవచ్చును. చేతికి వచ్చునది ఒకటిన్నర మారు. రెండుదినముల ప్రయాణమునకు అది చాలును. ఇంటిలోని నలుగురి ఫోనులనును నింపవలెనన్న చాలదు. అందుచేత ప్రయాణములో ఒక ఫోనును ఇంటి ఫోనుగా ఎంచుకొని, దానిని మాత్రము ఎల్లప్పుడు నిండుగా ఉంచుకొనుట మా సలహా. తక్కిన ఫోనులలో పిల్లలు ఆటలాడిన ఆడనిండు.

తిరునాళ్లలోను, బస్సుస్టాండులలోను 50,000 అని వ్రాసిన పవర్ బ్యాంకులు కారుచౌకగా అమ్ముదురు. వాటి నిజము తెలిసికొనుటకు పరిశోధనశాల అక్కరలేదు, తక్కెడ చాలును. బొటనవ్రేలికంటె కొంచెము పెద్దదిగా ఉండు లిథియం సెల్లు ఒకటి 45 గ్రాములకు పైగా తూగును. దానిలో నిలుచునది మహాయైన 3,500. అట్టివి పదునాలుగు, పదునైదు ఉన్నగాని 50,000 కాదు, అనగా ముప్పాతిక కిలోకు దరిదాపు బరువుండవలెను. చేతిలో తేలికగా ఊగు డబ్బా ఆ అంకెను ఎట్లు మోయగలదు? అబద్ధపు అంకెతో పోయినది డబ్బు మాత్రమే అయినచో ఓర్చుకొనవచ్చును. రక్షణ ఏర్పాట్లు లేని నాసిరకపు సెల్లు ఈ ఎండలో ఉబ్బి, అంటుకొను ప్రమాదము కలదు. మన దేశములో పవర్ బ్యాంకులకు భారత ప్రమాణముల సంస్థ నమోదు తప్పనిసరి. ఐ.ఎస్. సంఖ్యయు, ‘ఆర్’ అక్షరముతో మొదలగు నమోదు సంఖ్యయు దానిమీద ముద్రించి ఉండవలెను. పట్టలో ఉబ్బు కనబడినదానిని ఎంత ప్రియమైనదైనను పారవేయవలెను. అయితే చెత్తకుప్పలో వేయరాదు, పాత ఎలక్ట్రానిక్ సామాను తీసికొనువారికి ఈయవలెను.

విదేశములనుండి హైదరాబాదు మీదుగానో, గన్నవరము మీదుగానో పల్నాటికి వచ్చు బంధువులు ఒక నియమము గుర్తుంచుకొనవలెను. పవర్ బ్యాంకు విమానములో చేతిసంచిలోనే ఉండవలెను, సామానులో వేయరాదు. అనుమతి సాధారణముగా 100 వాట్ అవర్లవరకు. పైన చెప్పిన 37 దానికి ఎంతో లోబడి ఉన్నది.

ఇక ఛార్జరు. ఇంటిలో ఫోనుకొక ఛార్జరు ఉండుట వాడుకయైనది. టైప్ సి తొడుగు ప్రమాణమైన పిదప ఈ బాధ తగ్గుచున్నది. ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరు 28 నుండి ఫోనులకు దానిని తప్పనిసరి చేసినది. రెండు రంధ్రములుగల ఛార్జరొకటి, పొట్టి తీగ ఒకటి, పొడుగు తీగ ఒకటి చాలును. పొడుగు తీగ ఎందుకనగా, లాడ్జి గదులలో ప్లగ్గు మంచమునకు దూరముగా టీవీ వెనుకనో, తలుపు ప్రక్కనో ఉండును. ఒక్కొక్కచోట నీళ్ల హీటరు కొరకు పెట్టిన పెద్ద 16 ఆంపియర్ల ప్లగ్గు మాత్రమే ఉండుటయు కలదు. మరీ సన్ననితీగ కొనరాదు. తీగ సన్నగిల్లినకొలది దానిలోనే వోల్టేజి పడిపోయి, ఛార్జి తెల్లవార్లు సాగును. స్టేషనులలోను, హోటళ్లలోను గోడకే అమర్చిన యు.ఎస్.బి. రంధ్రములలో తీగ నేరుగా గ్రుచ్చుటకంటె, తమ ఛార్జరును కరెంటు ప్లగ్గులో పెట్టుకొనుట క్షేమము. ఆ రంధ్రము ద్వారా ఫోనులోని సమాచారమును తస్కరించు అవకాశమును గూర్చి రిజర్వు బ్యాంకు 2022లో వెలువరించిన చిరుపుస్తకము హెచ్చరించినది.

మిరపకోతలకు వచ్చు కూలీల సంగతి వేరు. కర్నూలు వైపు నుండియు, ఇతర ప్రాంతములనుండియు కుటుంబములతో వచ్చి చేలగట్లమీద గుడారములు వేసికొని వారములు గడపువారికి లాడ్జియు లేదు, ప్లగ్గును లేదు. వారికి మా దృష్టిలో అన్నిటికంటె ఉత్తమమైన పరికరము మీటల ఫోను. దాని బ్యాటరీ చిన్నదే, కాని ఒకసారి నింపినచో కొన్ని దినములు వచ్చును. దానిలోనే దీపమున్నది, తరచు ఎఫ్.ఎం. రేడియోయు ఉన్నది. 2003లో వచ్చిన నోకియా 1100 తలపై చిన్న దీపము పెట్టినపుడు నవ్వినవారున్నారు. పొలమునకు రాత్రివేళ పోవువారు నవ్వలేదు. అయితే కొన్ని సిమ్ములు 4జి ఫోనులలో తప్ప పనిచేయవు గనుక కొనుటకు ముందే అడిగి తెలిసికొనవలెను. మడతపెట్టు చిన్న సోలారు పలకను కొనగలవారు పలకను ఎండలోను, పొడుగుతీగతో ఫోనును గుడారపు నీడలోను ఉంచవలెను. రెండింటిని ఒకేచోట ఎండబెట్టినచో ఒక చేతితో ఇచ్చినది మరియొక చేతితో లాగికొన్నట్లగును.

కారంపూడి ఉత్సవము అయిదు దినములది. రాచగావుతో ఆరంభమై రాయబారము, మందపోరు, కోడిపోరు జరిగి కళ్లిపాడుతో ముగియును. అమావాస్యతో మొదలగు రాత్రులు గాన చీకటి గట్టిది, నాగులేటి ఒడ్డున నేల ఎగుడుదిగుడు. ఫోను దీపమును గంటలకొలది వెలిగించుట తెలివి కాదు. రెండు పెన్సిలు సెల్లులతో నడచు చిన్న టార్చిలైటు వేరుగా ఉండవలెను. ఆ సెల్లులు ఏ పల్లెటూరి కిరాణాకొట్టులోనైనను దొరకును.

అదే సెల్లులతో నడచు చిన్న రేడియోను కూడ సంచిలో వేయుమనుచున్నాము. రేడియోవారు రేడియోను పొగడుటలో వింతయేమని పాఠకులు నవ్వవచ్చును. కారణము చెప్పెదము. ఫోను టవరుతో మాటలాడవలెను, టవరు ఫోనుతో మాటలాడవలెను. ఒక టవరు ఏకకాలమున ఇంతమందికి మాత్రమే జవాబు చెప్పగలదు. రేడియో వినునదే కాని పలుకునది కాదు. వేయిమంది విన్నను, లక్షమంది విన్నను ప్రసారిణికి భారము పెరుగదు. గాలివాన వచ్చి టవర్లకు కరెంటు పోయిన రాత్రి ఈ భేదము తెలియును. ఫోనులలో ఎఫ్.ఎం. సౌకర్యమును మూసివేయవద్దని కేంద్రప్రభుత్వము 2023 ఏప్రిలులో తయారీదారులకు సూచించినది కూడ ఇందుకే.

కారంపూడిలో వీరవిద్యవంతులు పాడు వీరగాథను ఫోనులో పట్టుకొనదలచువారికి వృత్తిరీత్యా ఒక మాట. స్టీఫన్ కుడెల్‌స్కీ అను పోలిష్ ఇంజనీరు స్విట్జర్లండులో నిర్మించిన నాగ్రా టేపు యంత్రము 1950 దశకమున ప్రసారకులకు వరప్రసాదము. చేతిలో మోయదగినదని పేరుపొందిన దాని మూడవ నమూనాయే ఆరు కిలోల బరువు, పండ్రెండు పెద్ద టార్చి సెల్లులు మ్రింగునది. ఆ పనిని నేడు జేబులోని ఫోను చేయుచున్నది. కాని గాలి హోరును అది తనంతట ఆపలేదు. మైకు రంధ్రముపై పలుచని చేతిగుడ్డ ఒక పొర కప్పి, గాలికి వీపు పెట్టి నిలువవలెను. పాడువారిని ముందు అడిగి అనుమతి పొందవలెను. రికార్డు చేయునపుడు ఫోనును విమానపు అమరికలో ఉంచినచో నడుమ పిలుపులు రావు, బ్యాటరీయు మిగులును.

ఈ అమరిక మాచర్ల దాటి నల్లమల వైపు పోవువారికి మరియు అవసరము. టవరు దూరమైనకొలది ఫోను తన సంకేతమును బలముగా పంపుచు, టవరును మాటిమాటికి వెదకుచు, జేబులో ఉండియే బ్యాటరీని తినివేయును. అడవిదారిలో దానిని నిద్రపుచ్చి, ఊరు చేరిన పిదప మేల్కొల్పవలెను. ఆపద కలిగినపుడు మాత్రము 112 సంఖ్యను ప్రయత్నింపవలెను. తమ సంస్థ టవరు అందకున్నను, మరియొక సంస్థ టవరు అందినచో ఆ పిలుపు సాధారణముగా పోవును. సాగరులో నాగార్జునకొండకు లాంచీ ఎక్కువారును, ఎత్తిపోతల తుంపరల దగ్గరకు పోవువారును గట్టిగా మూతపడు ప్లాస్టిక్ కవరు ఒకటి వేసికొనిన చాలును. అందుకై ఖరీదైన తొడుగులు అక్కరలేదు.

ఇంతవరకు చెప్పిన సామానంతయు, ఫోను కాక, అరకిలోకు అటునిటు. కాని శివరాత్రినాడు కోటప్పకొండ జనసమ్మర్దములో వీటిలో ఏదియు పలుకని సమయము రావచ్చును. లక్షలమంది ఒకచోట చేరినపుడు ఫోను నిండుగా ఉన్నను, సంకేతపు గీతలు కనబడుచున్నను పిలుపు పోదు. పిలుపు పోనపుడు చిన్న సందేశము పంపి చూడవలెను, దానికి కావలసిన చోటు స్వల్పము గనుక ఆలస్యముగానైనను చేరుట కలదు. ముసలివారికి, పిల్లలకు ఇంటి ఫోను సంఖ్య నోటికి రాదు. అది ఫోనులో భద్రముగా ఉన్నదన్న ధైర్యముతో మనమును మరచితిమి. పోస్టుకార్డులో సగమంత అట్టముక్కమీద రెండు ఫోను సంఖ్యలు, ఊరి పేరు, ఇంటి పెద్ద పేరు బాలుపెన్నుతో వ్రాసి, ప్లాస్టిక్ కాగితములో చుట్టి, పిల్లవాని చొక్కాజేబులో పెట్టి పిన్నుతో బిగింపవలెను. అవ్వ చెంగున ముడివేయవలెను. మైకులో ప్రకటన చేయువారికి ఏడ్చు పిల్లవాని నుండి రాబట్టలేని సమాచారము ఆ అట్టముక్కలో దొరకును.

తప్పిపోయినచో కలిసికొనవలసిన చోటును కొండయెక్కుటకు ముందే అందరికి చూపవలెను. తమ ఊరి ప్రభ వచ్చి నిలిచియున్నచో అంతకు మించిన గురుతు లేదు. విద్యుద్దీపములతో ఆకాశమునంటు ఆ ప్రభ ఎంత దూరమునకైనను కనబడును. దాని మొదట జనరేటరును, తీగలును ఉండును గనుక, పది బారల ఎడముగా నిలువుమని పిల్లలకు చెప్పవలెను.