ఎక్కడో వాన, ఇక్కడ వరద

దక్షిణ ఆస్ట్రేలియా ఎడారిలో, అడిలైడ్‌కు ఉత్తరంగా సుమారు 700 కిలోమీటర్ల దూరంలో ఉంది కాటీ తండా–లేక్ ఐర్. ఆ ఖండం మొత్తంలో ఇంతకంటే పల్లపు నేల లేదు. సముద్రమట్టానికి 15 మీటర్లు దిగువ. సరస్సని పేరేగానీ చాలా ఏళ్లు అందులో నీళ్లే కనిపించవు. ఏడాదంతా కలిపి 150 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. ఎండకు ఆవిరయ్యేది మాత్రం రెండు మీటర్ల పైమాటే.

మరి నిండేదెలా? ఎక్కడో క్వీన్స్‌లాండ్‌లో కుంభవృష్టి కురిస్తే డయమంటీనా, కూపర్ క్రీక్ లాంటి నదులు పొంగుతాయి. దారిలో ఇంకిపోయింది ఇంకిపోగా మిగిలిన వరద వారాలూ నెలలూ ప్రయాణించి ఇక్కడికి చేరుతుంది. ఆస్ట్రేలియాలో ఆరో వంతు నేల మీది నీటికి ఇదే గమ్యం. ఇది అలుగు లేని చెరువు. వచ్చిన నీరు ఇగిరిపోవాల్సిందే, ఉప్పు ఉండిపోవాల్సిందే. 1974లో దాదాపు ఆరు మీటర్ల లోతున నిండినప్పుడు అడుగునున్న ఉప్పు పొర కరిగిపోయింది. నీరు ఇగిరాక దక్షిణాన బెల్ట్ బే, మాడిగన్ గల్ఫ్ పల్లాల్లో మళ్లీ పేరుకుంది.

వరద ఏడాది చేపలు, పెలికన్లు, విమానాల్లోంచి చూసే పర్యాటకులు, అంతా సందడే. నాకు మాత్రం ఎండిన సరస్సే ఎక్కువ అబ్బురం. ఆ ఉప్పు పొర మీదే కాపురముండే బల్లి ఉంది: లేక్ ఐర్ డ్రాగన్. తలా ఒళ్లూ కలిపి వేలెడు, తోక వేరే. తెల్లటి ఒంటి మీద వరసగా నల్లచుక్కలు. కళ్లు చిన్నవి, లోపలికి ఉంటాయి. ఉప్పు మీది వెలుగు కొట్టకుండా కింది రెప్ప అంచున రంపపు పళ్లలాంటి పొలుసులు. ఎండ ముదిరితే ఉప్పు పెచ్చు కిందున్న ఇసుకలోకి దూరుతుంది. తిండి ముఖ్యంగా చీమలే. ఎండిన సరస్సును ఖాళీ నేల అనడానికి ఈ బల్లిని చూశాక నాకు నోరు రాదు.

ఇదే ఉప్పు మీద 1964 జులై 17న డొనాల్డ్ క్యాంప్‌బెల్ గంటకు 648 కిలోమీటర్ల వేగంతో కారు నడిపి రికార్డు సృష్టించాడు. అంతకుముందు ఏడాది చేసిన ప్రయత్నాన్ని వాన చెడగొట్టింది.

ఇక్కడి మూలవాసులైన అరబానా ప్రజలకు ఇది పవిత్ర స్థలం. సరస్సు అడుగు మీద నడవొద్దని వాళ్లు ఎప్పటినుంచో కోరుతున్నారు. ఆ మాట న్యాయమైనది. పెచ్చు మీద పడిన టైరు జాడలు ఏళ్ల తరబడి చెరగవు. గట్టు మీద నిలబడి చూసినా, విమానంలోంచి చూసినా సరస్సు కంటికి నిండుగానే కనిపిస్తుంది.