తొలి రిహార్సల్‌కు ముందే

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు పల్లెలలో పద్యనాటకమంటే ఎంతో మక్కువ. పగలు పత్తిచేలలోను, మగ్గాల మీదను కష్టపడినవారే రాత్రి కృష్ణుడు, కర్ణుడు అవుతారు. ఏళ్ల తరబడి వేషం కట్టిన నటునితో ఊరివారు ఒకనాడు, "అన్నా, ఈసారి నాటకం నువ్వే ఆడించాల" అంటారు. అది గౌరవమే, భారము కూడా. రిహార్సల్స్ మొదలుకాక ముందు అతడు చేయవలసినదేమిటి? ప్రియ పాఠకులారా, మన పొరుగు పట్టణపు ఇద్దరు పెద్దలను జ్ఞాపకము చేసుకొని ఈ సంగతి ఆలోచిద్దాము.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడేవరకు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. ఆ బళ్లారిలోనే న్యాయవాది ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు సరస వినోదినీ సభను నెలకొల్పి, 1887లో తమ 'చిత్రనళీయము'ను ప్రదర్శించారు. తామే వ్రాసి, తామే వేషం కట్టి, తోటివారిచేత ఆడించారు. 1891లో మద్రాసులో ఆ సమాజపు ప్రదర్శనలు చూచిన పమ్మల్ సంబంధ మొదలియారు గారు ఉత్తేజము పొంది, అక్కడ సుగుణ విలాస సభను ప్రారంభించారు.

ఆచార్యులవారి మేనల్లుడే బళ్లారి రాఘవ గారు (1880-1946). ఆయనా న్యాయవాదే. పద్యాన్ని రాగాలతో సాగదీసి భావాన్ని చంపకూడదన్నారు. స్త్రీ పాత్రను స్త్రీయే ధరించాలన్నారు. మగవారే ఆడవేషాలు కట్టే ఆ రోజులలో అది సాహసమే. ఈ రెండును తెర లేచాక తేలే విషయాలు కావు. ముందే నిర్ణయించుకోవలసినవి.

నటునికి చిక్కు ఇక్కడే ఉన్నది. ఇంతకాలము అతడు తన పాత్ర కోసమే పుస్తకం చదివాడు. ఇప్పుడు ఒక్క మాట పలికి వెళ్లిపోయే భటుని కోసం కూడా చదవాలి. ఏ పద్యం ఉంచాలో, ఏది తగ్గించాలో, ఎవరు ఎటునుండి రావాలో గుర్తు పెట్టుకోవాలి. హార్మోనిస్టుతో కూర్చుండి, ఎవరి గొంతుకు ఏ శ్రుతి సరిపోవునో చూడాలి. చందా ఎక్కువ ఇచ్చాడనో, బంధువనో వేషం ఇచ్చి, తరువాత విసుగుకొంటే ఆడలేక మద్దెల ఓడు అన్నట్లే. అన్నిటికంటె కష్టమైనది, తనకు పేరు తెచ్చిన వేషాన్ని మరొకరికి మనసారా అప్పగించడము.

మరొక మాట. మన పల్లె నాటకాలకు స్త్రీ పాత్రల కోసం బయటి ఊళ్ల నుండి నటీమణులను పిలిపిస్తారు. వారికి ఇచ్చే సొమ్మెంత, బస ఎక్కడ, వేషం మార్చుకొనుటకు తలుపు గల గది ఉన్నదా, నాటకము ముగిసిన తరువాత క్షేమంగా పంపేదెవరు? "ఆ రోజు చూసుకొందాములే" అని వదిలివేయదగిన సంగతులు కావివి. ఆమె కూడా ఒక ఇంటి ఆడపడుచే, ఒక బిడ్డకు తల్లే. స్త్రీ రంగము మీదికి రావాలని రాఘవ గారు కోరారు. వచ్చిన ఆమెను గౌరవముగా చూచుకొనుట మన వంతు.

జాతర నాటకమైనా, పిల్లల క్రిస్మస్ నాటకమైనా మేము చెప్పదలచినది ఒక్కటే. నటుడు తన వంతు వచ్చినప్పుడు వెలుగులో నిలుస్తాడు. ఆడించేవాడు అందరి వంతును ముందుగా తలంచి, తాను తెర వెనుక నిలుస్తాడు. ఆ మనసు సిద్ధపడిన తరువాతనే రిహార్సల్‌కు పిలుపు పంపుట మేలు.