తాడిచెట్టును దూడమేతయు

తాడిచెట్టేల యెక్కితివిరా యన్న దూడమేతకని చెప్పినాడట. ఈ సామెతను మన యిండ్లలో అల్లరిపిల్లలను గూర్చి చెప్పుచుందురు గాని, చరిత్రపుటలయందును దీనిని పెక్కు తావుల వ్రాసికొనవచ్చును. ఇందొక చిత్రము గలదు. కల్లు దొంగిలింపవచ్చినవాడు పట్టువడి సాకు చెప్పుట సహజమే. వానికి తోటవాని కఱ్ఱ భయము. కాని కఱ్ఱ తన చేతనే యున్నవాడు సాకు చెప్పనేల? బలవంతములగు రాజ్యములు పరదేశముపైకి సేనలను పంపునపుడెల్ల ఏదో యొక కారణమును లోకమునకు చాటుచునే యున్నవి. ఆ కారణము ఎవరి కొఱకు? ఈ ప్రశ్నకు ఈజిప్టు చరిత్ర మంచి యుత్తరము నిచ్చును. ఏలయన, ఆ దేశముపై నొక్క కాలువ కారణమున ఆంగ్లేయులు 1882లో నొకసారి, 1956లో నొకసారి సేనలను దింపిరి. రెండు పర్యాయములును తమది దండయాత్ర కాదు, శాంతిస్థాపనయే యనిరి.

సూయజు కాలువ 1869వ సంవత్సరము నవంబరులో తెఱవబడెను. ఇంగ్లండునుండి మన దేశమునకు వచ్చు ఓడలకు ఆఫ్రికాఖండమును చుట్టివచ్చు ప్రయాస తప్పెను. ఆనాటి ఈజిప్టు ప్రభువు ఖెదీవు ఇస్మాయిలు ఐరోపా ధనికులవద్ద విశేషముగ నప్పులు చేసి, తీర్పజాలక, 1875లో కాలువ కంపెనీయందలి తన వాటాలను సుమారు 40 లక్షల పౌనులకు ఆంగ్ల ప్రభుత్వమునకు విక్రయించెను. మఱుసటియేడు ఋణదాతల పక్షమున నొక సంఘ మేర్పడి దేశపు రాబడిలో గొప్పభాగమును తన యధీనము చేసికొనెను. వడ్డీ ముందు, రైతు వెనుక. ఈ కష్టములనుండియే అహమ్మదు ఉరాబీ యను సేనాని తలయెత్తెను. ఇతడు పల్లెటూరి రైతు కుటుంబమున బుట్టినవాడు. ఈజిప్టు ఈజిప్టువారిదే యను మాట ఇతని కాలమున దేశమంతట వినవచ్చెను.

1882 మే నెలలో ఆంగ్లేయుల యుద్ధనౌకలును ఫ్రెంచివారి యుద్ధనౌకలును అలెగ్జాండ్రియా రేవున వచ్చి నిలిచెను. ఖెదీవు అధికారమును, ఐరోపావారి ప్రాణములను కాపాడుటకని చెప్పిరి. జూను 11వ తేదీని ఆ పట్టణమున కల్లోలము చెలరేగి సుమారు ఏబదిమంది ఐరోపావారును, అంతకంటె నెక్కువమంది ఈజిప్టువారును మరణించిరి. ఓడల రాకయే జనుల నుద్రేకపఱచెనని పెక్కుమంది చరిత్రకారుల యభిప్రాయము. చదువరులు తేదీలను వరుసగ వ్రాసికొని చూడవలెను: ఓడలు వచ్చినది మేలో, అల్లరి జరిగినది జూనులో.

పిమ్మట ఉరాబీ పక్షమువారు రేవుకోటలను బాగుచేసికొనుచుండగా, ఆంగ్ల నౌకాధిపతి సీమరు ఇది తన యోడల కపాయమని తాఖీదు పంపి, జూలై 11వ తేది యుదయము మొదలు సాయంకాలమువఱకు ఫిరంగులు కాల్పించెను. ఫ్రెంచివారి యోడలు అంతకుముందే తొలగిపోయెను. ఒకరి వాకిట కత్తి దూసి నిలిచి, ఆ యింటివాడు తలుపు గడియ బిగించుకొనుట తన ప్రాణమున కపాయమనుటకును దీనికిని భేదమేమో నాకు తోపదు. ఆంగ్ల మంత్రివర్గములో జాన్ బ్రైటునకును తోపలేదు. ఆయన పదవిని విడిచిపెట్టెను.

ప్రధానమంత్రి గ్లాడ్‌స్టను తన ప్రతికక్షివారి దండయాత్రలను తీవ్రముగ ఖండించి 1880 ఎన్నికలలో గెలిచినవాడు. ఆయనను కపటియని కొట్టివేయుట సులభము. నే నట్లు తలంపను. అరాచకమును తొలగించి శాంతి నెలకొల్పుచుంటినని ఆయన మనఃపూర్వకముగనే నమ్మినట్లు కనబడును. ఆయన సొంత ధనములో గొప్పభాగము ఈజిప్టు ఋణపత్రములలో నుండెనని తరువాతి చరిత్రకారులు లెక్కలు చూచి కనుగొనిరి. ఆ లాభము కొఱకే చేసెనని యనజాలము. కాని తన లాభమును లోకహితమును ఒక్కదారినే నడచుచున్నపుడు మనుష్యుడు రెండవదానినే చూచుకొనును. సాకు మొట్టమొదట చెప్పువాని చెవికే చేరును.

సెప్టెంబరు 13వ తేది వేకువజామున తెల్ ఎల్ కెబీరు వద్ద ఒక గంటసేపటిలో యుద్ధము ముగిసెను. ఆ దండయాత్రలో మన దేశపు పటాలములును, దక్షిణదేశమునుండి పోయిన మదరాసు సాపర్లును గలరు. వారి వ్యయములో నొకభాగము మన దేశపు ఖజానానుండియే తీసికొనబడెను. ఉరాబీని సింహళద్వీపమునకు పంపివేసిరి. 1883 జనవరిలో ఆంగ్ల విదేశాంగమంత్రి గ్రాన్‌విలు ఇతర రాజ్యములకు లేఖ వ్రాసి, పరిస్థితులు చక్కబడినంతనే తమ సేనలను మరల్చెదమని తెలిపెను. చక్కబడుటకు 73 సంవత్సరములు పట్టెను. తుది యాంగ్లసేన కాలువప్రాంతమును విడిచినది 1956 జూనులో.

ఆ తరువాతి నెలలోనే, జూలై 26వ తేదీని, ఈజిప్టు అధ్యక్షుడు నాసరు కాలువ కంపెనీని జాతీయము చేసినట్లు ప్రకటించెను. అస్వాను ఆనకట్టకు ధనమిత్తుమన్న అమెరికావారును ఆంగ్లేయులును వెనుకకు తగ్గుటయే దీనికి తక్షణ కారణము. ఇది దొంగతనమని లండనులో మొదట ననిరి. కాని వాటాదారులకు పరిహార మిత్తునని నాసరు చెప్పియేయుండెను. కంపెనీ కౌలు ఎట్లును 1968లో ముగియవలసినదే. అంతట, ఈజిప్టువారికి ఓడలను నడపించు నేర్పు లేదనిరి. సెప్టెంబరు మధ్యను కంపెనీవారి విదేశీయ పైలట్లు పలువురు ఒక్కసారిగా పని మానిరి. ఓడలు ఆగలేదు! ఉన్న కొలదిమందియు క్రొత్తగ వచ్చినవారును కలిసి వానిని దాటించిరి. ప్రధానమంత్రి ఈడెను నాసరును ముస్సోలినీతో పోల్చెను. ఒక సాకు విఱిగిన వేఱొకటి, అదియు విఱిగిన మఱియొకటి వచ్చుచున్నపుడు, తీర్మానము ముందే జరిగియున్నదని గ్రహింపవచ్చును.

అక్టోబరు 22 మొదలు 24 వఱకు పారిసు నగర సమీపమున సేవ్రు అను చోట ఒక యింటిలో ఆంగ్లేయ, ఫ్రెంచి, ఇశ్రాయేలు ప్రతినిధులు రహస్యముగ కలిసికొనిరి. ఇశ్రాయేలు ముందు దండెత్తవలెను. అంతట తక్కిన యిరువురును పోట్లాడువారిని విడదీయు పెద్దమనుష్యులవలె ప్రవేశింపవలెను. అట్లే జరిగెను. 29వ తేదీని ఇశ్రాయేలు సేనలు సీనాయి ద్వీపకల్పమున ప్రవేశించెను. 30వ తేదీని ఉభయపక్షములును కాలువకు పది మైళ్లదూరము తొలగవలెనని, పండ్రెండు గంటల గడువుతో, తాఖీదు వెడలెను. ఇశ్రాయేలు సేనలలో పెద్దభాగము పది మైళ్లకంటె చాల దూరముననే యుండెను. కావున ఈ న్యాయతీర్పు ప్రకారము దండెత్తినవారు ముందునకు నడువవచ్చును, ఇంటివాడు తన నేలమీదనే వెనుకకు పోవలెను. ఈజిప్టు నిరాకరింపగా మఱునాడు విమానములు బాంబులు కురిపించెను. కాలువను కాపాడుటకు వచ్చితిమనిరి. ఈజిప్టువారు అందు ఓడలను ముంచివేయగా, ఆ కాలువ 1957 ఏప్రిలు వఱకు పూర్తిగ తెఱచుకొనలేదు.

ఈసారి లోకము మాఱియుండెను. ఆత్మరక్షణకు దక్క, సమితి యనుమతి లేక పరరాజ్యముపై బలప్రయోగము చేయరాదని 1945 నాటి ఐక్యరాజ్యసమితి శాసనమున వ్రాసికొనియుండిరి. భద్రతా సమితిలో ఆంగ్లేయులును ఫ్రెంచివారును తమ నిషేధాధికారమును వాడినను, మహాసభ అత్యధికసంఖ్యతో యుద్ధమాపుమనెను. అమెరికా సహాయము నిరాకరింపగా ఆంగ్లేయుల పౌను తూలెను. నవంబరు 6వ తేది అర్ధరాత్రమున కాల్పులు నిలిచెను. డిసెంబరులో వారి సేనలు వెడలిపోగా, మన దేశపు సైనికులును గల సమితి దళము సరిహద్దున నిలిచెను.

సరిగా ఆ దినములలోనే, నవంబరు 4వ తేదీని, సోవియట్టు సేనలు హంగరీ రాజధానిలో ప్రవేశించెను. అక్కడి సాకు వేఱు: ఆ దేశపు ప్రభుత్వమే మమ్ము పిలిచెననిరి. ఆ ప్రభుత్వము సేనల నీడనే పుట్టినది. ఈజిప్టు విషయమున నంత స్పష్టముగ మాటాడిన మన దేశము, హంగరీలో సమితి పర్యవేక్షణ క్రింద ఎన్నికలు జరుగవలెనను తీర్మానమునకు వ్యతిరేకముగ నోటు వేసెను. దీనిని దాచి వ్రాయుట మనమును తాడిచెట్టెక్కుట యగును.

ఇక మొదటి ప్రశ్న. అడుగువాడు లేడని తోచిన బలవంతునికిని అడుగువారు గలరు. 1882లో పార్లమెంటు ధనమీయవలెను, మంత్రులు కలిసి నిలువవలెను. ఫ్రెంచి శాసనసభ ధనము నిరాకరించుటచే ఆ దేశపుసేన కదలనే లేదు. 1956లో డాలరు గలవాడు అడిగెను, మహాసభ అడిగెను, లండను వీథులలో జనులడిగిరి. కారణము చెప్పినవాడు కారణము కావలెనని యొప్పుకొన్నట్లే. పిమ్మట దానినే పట్టుకొని యితరులు వానిని నిలువదీయగలరు. 2003లో ఇరాకునందు మహావినాశకాయుధములు గలవని చెప్పి పోయినవారిని, అవి యెక్కడనని వారి దేశప్రజలే యడిగిరి. అవి దొరకలేదు.

ఈడెను 1956 డిసెంబరు 20వ తేదీని కామన్సుసభలో నిలిచి, ఇశ్రాయేలు దండెత్తునని తమకు ముందుగ తెలియదని చెప్పెను. మఱుసటి జనవరిలో పదవిని విడిచెను. సేవ్రు ఒడంబడికయొక్క ఆంగ్లప్రతిని ఆయన ముందే నాశనము చేయించియుండెను. ఇశ్రాయేలువారి ప్రతి మాత్రము భద్రముగ నుండి, 1996లో బయటపడెను. ఈడెను అప్పటికి మరణించి పందొమ్మిది సంవత్సరములు.