సాంచా నుంచి కారు దాకా: టైమింగ్ చైన్ కథ

సూరత్‌లో లింబాయత్, ఉధ్నా వైపు వెళ్తే తెలుగు వినిపిస్తుంది. వరంగల్, కరీంనగర్, నల్లగొండ పల్లెల నుంచి సాంచాల (మరమగ్గాల) పనికి వలస వచ్చి అక్కడే స్థిరపడిన నేత కుటుంబాలవి. సాంచా నడిపే మనిషికి కారు ఇంజిన్‌లోని అసలు కిటుకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అది రోజూ ఆయన కళ్ల ముందే తిరుగుతుంటుంది. నాడెతో నడిచే మామూలు సాంచాలో పైన క్రాంక్‌షాఫ్ట్, కింద ట్యాపెట్ షాఫ్ట్ ఉంటాయి. పై షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే కింది షాఫ్ట్ ఒక్క చుట్టు తిరుగుతుంది. పడుగును పైకీ కిందికీ విడదీయడం, నాడెను ఇటు నుంచి అటు కొట్టడం ఈ కింది షాఫ్ట్ చూసుకునే పనులు. ఈ రెండింటి మధ్య లెక్క తప్పిందా, పడుగు మూసుకునే వేళకు నాడె ఇంకా మధ్యలోనే ఉంటుంది. వందల పోగులు ఒక్కసారిగా తెగిపోతాయి. అప్పుడు సాంచాల మెకానిక్ జాబర్ వచ్చి టైమింగ్ సరిచేయాలి.

నేటి కారు ఇంజిన్‌లోనూ కింద క్రాంక్‌షాఫ్ట్, పైన క్యామ్‌షాఫ్ట్, మధ్యన అదే రెండుకు ఒకటి లెక్క. పిస్టన్లు తిప్పేది క్రాంక్‌షాఫ్ట్‌ను. గాలి లోపలికి, పొగ బయటికి పోయే వాల్వులను తెరిచి మూసేది క్యామ్‌షాఫ్ట్. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ఒక పని చక్రం పూర్తి కావడానికి క్రాంక్ రెండు చుట్లు తిరగాలి, ఆ లోపు ప్రతి వాల్వు ఒక్కసారే తెరుచుకోవాలి. ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఈ వేగంలో రెండు షాఫ్టులూ ఒక్క మాట మీద నడిచేలా చూసేదే టైమింగ్ చైన్.

మాట తప్పితే జరిగే నష్టం మామూలుది కాదు. నేటి ఇంజిన్లలో చాలావాటిలో పిస్టన్ పైకి వచ్చే చోటు, వాల్వు కిందికి దిగే చోటు ఒకటే. వంతులవారీగా వాడుకుంటున్నంత సేపూ గొడవ లేదు. చైన్ తెగినా, పళ్లు దాటినా పిస్టన్ వెళ్లి తెరిచి ఉన్న వాల్వును గుద్దుతుంది. వాల్వు వంగుతుంది, ఒక్కోసారి పిస్టన్ పగులుతుంది. సకాలంలో చైన్ మార్చుకుంటే అయ్యే ఖర్చుకు ఎన్నో రెట్లు ఇంజిన్ రిపేరుకు పోతుంది.

మగ్గాల ఊళ్లో పుట్టిన గొలుసు

లియొనార్డో డావిన్చీ 15వ శతాబ్దం చివరలోనే తన నోటు పుస్తకాల్లో పళ్ల చక్రాల మీద తిరిగే గొలుసుల బొమ్మలు గీశాడు. అయితే వేగంగా తిరుగుతూ ఏళ్ల తరబడి నిలిచే గొలుసు తయారుకావాలంటే దానికి తగిన ఉక్కు కావాలి, ఒక్కో లింకునూ ఒకే కొలతలో చేసే యంత్రాలు కావాలి. అవి రెండూ సమకూరింది 19వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో, మిల్లుల నగరం మాంచెస్టర్ పక్కనున్న సాల్ఫర్డ్‌లో. జేమ్స్ స్లేటర్ అనే ఆయన అక్కడ బట్టల మిల్లుల యంత్రాలకు గొలుసులు చేసేవాడు. 1864లో పేటెంటు కూడా తీసుకున్నాడు. స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన హాన్స్ రెనాల్డ్ అనే యువ ఇంజినీరు 1879లో ఆ చిన్న వ్యాపారాన్ని కొన్నాడు. మరుసటి ఏడాదే, 1880లో, బుష్ రోలర్ చైన్‌కు పేటెంటు పొందాడు.

రెనాల్డ్ చేసిన మార్పు చూడ్డానికి చిన్నది. అంతకు ముందు గొలుసుల్లో సన్నని పిన్ను మీద సన్నని రేకు రాసుకునేది. భారమంతా ఆ సన్నని అంచు మీదే పడి త్వరగా అరిగిపోయేది. రెనాల్డ్ పిన్ను చుట్టూ ఒక గొట్టం, అంటే బుష్, పెట్టాడు. దాంతో పిన్ను పొడవునా భారం పరుచుకుంది. బుష్ మీద తిరిగే రోలర్ పళ్లకు తగిలే రాపిడిని తగ్గించింది. సైకిలు చైను, మోటారు సైకిలు చైను, కారు ఇంజిన్‌లోని టైమింగ్ చైన్ అన్నీ ఆ ఆలోచన నుంచి వచ్చినవే. ఆ శతాబ్దం ముగిసేలోపే పళ్లున్న పలకలతో చప్పుడు తక్కువ చేసే సైలెంట్ చైన్‌ను కూడా రెనాల్డ్ తెచ్చాడు. నేటి కార్లలో ఎన్నింటిలోనో ఆ రకం గొలుసే ఉంది. మగ్గాల ఊరిలో, మిల్లుల అవసరాల కోసం మొదలైన వస్తువు ఇవాళ మరో మగ్గాల ఊరు సూరత్‌లో ప్రతి వీధిలోని కార్లలో తిరుగుతోంది.

మన దేశంలో ఈ గొలుసుల తయారీకి మంచి చరిత్ర ఉంది. కోయంబత్తూరులో 1937లో మొదలైన ఎల్‌జీబీ సంస్థ రోలాన్ పేరుతో చైన్లు చేస్తుంది. చెన్నైకి చెందిన ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ సంస్థకు హైదరాబాద్ శివార్లలోని కాజీపల్లిలో చైన్ల కర్మాగారం ఉంది.

బెల్టు వచ్చింది, చైన్ మళ్లీ వచ్చింది

పాత అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజిన్‌లో క్యామ్‌షాఫ్ట్ కిందనే, క్రాంక్‌కు దగ్గరగా ఉండేది. చైన్ పొట్టిది, పని తేలిక. తర్వాత క్యామ్‌షాఫ్ట్ ఇంజిన్ తలపైకి ఎక్కింది. దూరం పెరిగింది, చైన్ పొడవైంది, చప్పుడూ పెరిగింది. అప్పుడు రబ్బరు పళ్ల బెల్టు రంగంలోకి దిగింది. జర్మనీ కారు గ్లాస్ 1004 దాన్ని 1962లో రోడ్డు మీదికి తెచ్చింది. బెల్టు తేలిక, చవక, చప్పుడు చేయదు, నూనె అక్కర్లేదు. 1983 డిసెంబరులో వచ్చిన మన మారుతీ 800లో ఉన్నది బెల్టే. దానికి ఒక్కటే నియమం: చెప్పిన కిలోమీటర్లకు మార్చాలి, లేకపోతే తెగుతుంది.

చెప్పిన కిలోమీటర్లకు మార్చేవాళ్లు తక్కువ. అందుకే, ఇంజిన్ ఉన్నన్నాళ్లూ ఉంటుందనే భరోసాతో కంపెనీలు మళ్లీ చైన్ వైపు మళ్లాయి. మారుతీ కె సిరీస్ పెట్రోలు ఇంజిన్లు, కొన్నేళ్ల పాటు స్విఫ్ట్‌లో వచ్చిన 1248 సీసీ డీజిల్ ఇంజిన్ చైన్‌వే. ఆ భరోసాను జనం ‘చైన్‌కు చావు లేదు’ అని అర్థం చేసుకున్నారు. చిక్కు వచ్చింది అక్కడే. చైన్ ఆయువు ఇంజిన్ ఆయిల్ చేతిలో ఉంది.

ఉక్కు సాగదు, కీళ్లు అరుగుతాయి

‘చైన్ సాగింది’ అని మెకానిక్‌లు అంటారు. నిజానికి పలకలు సాగవు. పిన్నుకూ బుష్‌కూ మధ్య అరుగుదల వల్ల ప్రతి కీలూ కొంచెం వదులవుతుంది. ఉదాహరణకు 8 మిల్లీమీటర్ల లింకులు 150 ఉన్న చైన్ తీసుకుందాం. క్రాంక్ చక్రానికి 20 పళ్లు, క్యామ్ చక్రానికి 40. ప్రతి కీలూ 0.02 మిల్లీమీటరు (తల వెంట్రుక మందం కంటే తక్కువ) అరిగితే, మొత్తం చైన్ పొడవు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. లాగే వైపున్న 50 లింకుల్లోనే ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. దానికి క్యామ్‌షాఫ్ట్ క్రాంక్ కొలతలో రెండు డిగ్రీలకు పైగా వెనకబడుతుంది. చైన్ ఒక్క పన్ను దాటితే ఆ తేడా 18 డిగ్రీలు.

ఆ కీలు పడే శ్రమ కూడా లెక్కేద్దాం. సగటున గంటకు 40 కిలోమీటర్ల వేగంతో, నిమిషానికి 2000 చుట్లతో లక్ష కిలోమీటర్లు నడిచిన కారులో క్రాంక్ 30 కోట్ల చుట్లు తిరిగినట్టు. చైన్ నాలుగు కోట్ల సార్లు తన చుట్టు పూర్తి చేసినట్టు. ఒక్కో చుట్టులో ప్రతి కీలూ ఒక్కో పళ్ల చక్రం ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి వంగుతుంది. ఇన్ని కోట్ల సార్లు వంగే కీలును కాపాడేది పిన్నుకూ బుష్‌కూ మధ్యనున్న పల్చటి నూనె పొర మాత్రమే. ఆయిల్‌లో మసి, దుమ్ము, ఇంధనం కలిస్తే ఆ పొర పలచబడుతుంది, దాంట్లోని మసే ఆకురాయిలా కీలును రాస్తుంది.

వదులైన చైన్‌ను బిగుతుగా పట్టి ఉంచడానికి టెన్షనర్ ఉంటుంది. ఆయిల్ ఒత్తిడితో ముందుకు వచ్చే చిన్న ప్లంజర్ అది, లోపల వెనక్కి జారకుండా పట్టే పళ్లు కూడా చాలావాటిలో ఉంటాయి. చైన్ అరిగేకొద్దీ ప్లంజర్ బయటికి వస్తుంది. ఇక రావడానికి చోటు లేనప్పుడు చైన్ కొట్టుకోవడం మొదలవుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజిన్ ముందు భాగంలో రెండు మూడు సెకన్లు గలగలమని వినిపించే శబ్దం సాధారణంగా ఇదే. ఆయిల్ ఒత్తిడి అందేదాకా చైన్ తనకు దారి చూపే గైడ్లను కొడుతుంది. తర్వాతి దశలో ‘చెక్ ఇంజిన్’ లైటు వెలుగుతుంది. స్కానర్ పెడితే క్రాంక్, క్యామ్ పొంతన కుదరడం లేదని చెప్పే పి0016 కోడ్ కనిపించవచ్చు. అయితే ఆల్టర్నేటర్ బెల్టు, ట్యాపెట్లు కూడా ఇలాంటి చప్పుడే చేస్తాయి. అందుకే చప్పుడు విని వెంటనే ఇంజిన్ విప్పించకండి. టెన్షనర్ ఎంత బయటికి వచ్చిందో కొలిపించి, స్కానర్ లెక్క చూసి నిర్ణయించండి.

సూరత్‌లో ఆయిల్ విషయం రెండింతలు పట్టించుకోవాలి. మొదటిది, ఈ నగరంలో సీఎన్‌జీ కార్లు చాలా ఎక్కువ. సీఎన్‌జీ మసి లేకుండా మండుతుంది కాబట్టి డిప్‌స్టిక్ మీద ఆయిల్ కొత్తదానిలా మెరుస్తుంది. ‘ఇంకా బాగానే ఉంది కదా’ అని గడువు దాటించేస్తారు. రంగు మారకపోయినా వేడికి ఆయిల్ పాడవుతూనే ఉంటుంది. రెండోది నీళ్లు. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీటితో తాపీ నది పొంగి నగరంలో అధిక భాగం మునిగింది. అంత పెద్ద వరద రాకపోయినా, వానాకాలంలో మీఠీ ఖాడీ వాగు పొంగితే లింబాయత్ వైపు వీధుల్లో నీళ్లు నిలుస్తాయి. నీట మునిగిన కారును స్టార్ట్ చేయకండి. ఆయిల్‌లో నీరు కలిస్తే అది పాలలా తెల్లబడుతుంది, చైన్ కీళ్లు తుప్పు పట్టి బిగుసుకుంటాయి. టోయింగ్ చేయించి, ఆయిల్ మార్పించి, లోపల చూపించాకే తాళం తిప్పాలి.

ఏ చైన్ కొనాలి?

కారు పేరు, సంవత్సరం చెప్పి చైన్ కొనడం పొరపాటు. ఒకే మోడల్‌లో నడిమధ్యలో ఇంజిన్ మారిపోతుంటుంది. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు చూపించి పార్టు నంబరు తీయించాలి. పాత చైన్‌నూ కొత్తదాన్నీ పక్కపక్కన పరచి లింకులు లెక్కపెట్టాలి. వరస ఒకటా, రెండా? రోలర్లున్నాయా, బుష్ మాత్రమేనా, పళ్ల పలకలా? ఇవన్నీ ఒకటే కావాలి. పాతది ఎప్పుడూ కాస్త పొడవుగా కనిపిస్తుంది, అది అరుగుదల.

‘చైన్ ఒక్కటి మార్చు భాయ్, మిగతావి బాగానే ఉన్నాయి కదా’ అని డబ్బు మిగుల్చుకోవాలని చూసేవాళ్లున్నారు. చైన్ అరిగిందంటే ఆ పళ్ల చక్రాలూ దానితోపాటే అరిగినట్టు. అరిగిన పళ్ల మీద కొత్త చైన్ పడితే దాని లింకు పన్నులో సరిగ్గా కూర్చోదు, కొత్తదీ త్వరగా పాడవుతుంది. గైడ్ల ప్లాస్టిక్ వేడికి పెళుసై విరిగి, ముక్కలు ఆయిల్ జాలీలో చేరతాయి. అందుకే చైన్, పళ్ల చక్రాలు, గైడ్లు, టెన్షనర్, గాస్కెట్లు, ముందు ఆయిల్ సీల్ అన్నీ కలిపి సెట్టుగా కొనడమే మేలు. అసలు పార్టు డబ్బా మీది పార్టు నంబరు, ఎంఆర్‌పీ, హోలోగ్రామ్ చూసి బిల్లు తీసుకోవాలి.

బిగించే చేయి

మొదటి సిలిండర్ పిస్టన్‌ను మీది కొసకు తెచ్చి, క్యామ్‌షాఫ్ట్‌లను కదలకుండా పట్టే పరికరంతో నిలబెట్టాక పని మొదలవుతుంది. కొత్త చైన్‌లో కొన్ని లింకులకు వేరే రంగు ఉంటుంది. ఒకటి క్రాంక్ చక్రం గుర్తుకు, మిగతావి క్యామ్ చక్రాల గుర్తులకు ఎదురుగా పడాలి. లాగే వైపు చైన్ బిగుతుగా ఉండాలి, వదులంతా టెన్షనర్ వైపే ఉండాలి. టెన్షనర్‌ను అదిమి ఉంచే పిన్నును చివరిలో తీయాలి.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. ఇంజిన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి చూస్తే రంగు లింకులు గుర్తుల దగ్గర కనిపించవు. తప్పు జరిగిందని విప్పేస్తారు. పైన చెప్పిన 150 లింకుల చైన్‌లో రంగులు మళ్లీ గుర్తుల దగ్గరికి రావాలంటే క్రాంక్ 30 చుట్లు తిరగాలి. రెండు చుట్ల తర్వాత చూడాల్సింది రంగు లింకులను కాదు, చక్రాల మీది గుర్తులు ఇంజిన్ మీది గుర్తులతో కలిశాయా లేదా అన్నది. ఆ రెండు చుట్లు చేత్తోనే తిప్పాలి. మధ్యలో ఎక్కడైనా ఆగితే బలం ఉపయోగించకూడదు, వాల్వు తగులుతోందని అర్థం. స్టార్టర్‌తో తిప్పి చూస్తే మాత్రం, కనిపెట్టేలోపే వాల్వు వంగిపోతుంది.

కొన్ని ఇంజిన్లలో క్రాంక్ చక్రాన్ని జారకుండా పట్టే కీ ఉండదు, పుల్లీ బోల్టు బిగువే దాన్ని పట్టి ఉంచుతుంది. ఆ బోల్టు కొత్తదే వేసి, కంపెనీ చెప్పిన టార్క్‌తో, చెప్పిన డిగ్రీల దాకా బిగించాలి. కవర్‌కు వేసిన గమ్ము ఆరేదాకా ఆగి, కొత్త ఆయిల్, ఫిల్టరు వేయాలి. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు టెన్షనర్ నిండేదాకా కొద్ది సెకన్ల చప్పుడు సహజం. అది ఆగకపోతే ఇంజిన్ ఆపి మళ్లీ చూడాలి.

కారున్న ప్రతి ఒక్కరికీ ఒక్క మాట. కిలోమీటర్లు తక్కువే తిరిగినా, ఆయిల్ కొత్తదిలా కనిపించినా, కారుతో వచ్చిన పుస్తకంలో చెప్పిన నెలలు నిండగానే ఆయిల్ మార్పించండి. వారానికోసారి డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూడండి. చైన్ మార్పించాల్సి వస్తే సెట్టు మొత్తం మార్పించి, తీసేసిన పాత పార్టులు మీ చేతికి అడిగి తీసుకుని, పార్టు నంబర్లున్న బిల్లు దాచుకోండి. చైన్ ఎన్నాళ్లు బతుకుతుందన్నది డబ్బా మీది పేరు కంటే మీరు వేసే ఆయిల్ మీద, బిగించే చేతి మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది.