కెమెరాకు మూడు పరీక్షలు: దుమ్ము, నీరు, ఎండ

వానాకాలంలో జూరాల గేట్లు ఎత్తినప్పుడు కృష్ణానది తుంపరలు గట్టు మీదికి ఎగసిపడతాయి. వేసవిలో గద్వాల, వనపర్తి పొలం బాటల మీద దుమ్ము లేస్తుంది. నాగర్‌కర్నూలు జిల్లా నల్లమలలో బండరాళ్లు ఎండకు కాగిపోతాయి. విద్యార్థులతో ఇటువంటి చోట్లకు విజ్ఞానయాత్రకు వెళ్లే ఉపాధ్యాయుడు ఎట్టి డిజిటల్ కెమెరాను ఎంచుకోవాలి?

గట్టి కెమెరాల వివరణ పత్రంలో 'ఐ.పి.' అనే అక్షరాలూ, వాటి ప్రక్కన రెండంకెలూ ఉంటాయి. ఇది అంతర్జాతీయ ప్రమాణం. మొదటి అంకె దుమ్మును గూర్చినది. 5 అయితే కొద్దిగా దుమ్ము చేరినా పనికి అడ్డురాదు. 6 అయితే దుమ్ము అసలే చొరబడదు. రెండవ అంకె నీటిని గూర్చినది. 4 అయితే అన్ని వైపుల నుండి పడే తుంపరలకు, 7 అయితే ఒక మీటరు లోతున అరగంట మునకకు తట్టుకొంటుంది. అంకెకు బదులు 'ఎక్స్' ఉన్నదంటే ఆ పరీక్షను గూర్చి ఏమీ చెప్పలేదని అర్థం. అనగా 'ఐ.పి.ఎక్స్ 8' గల కెమెరా లోతు నీటిలో పని చేయవచ్చు. దుమ్ముకు ఆగుతుందన్న హామీ మాత్రం లేదు. మన ప్రాంతానికి కావలసినది ముందుగా ఆ హామీయే.

దూరపు వస్తువును దగ్గరగా చూపేటప్పుడు కొన్ని కెమెరాల కటకపు గొట్టం ముందుకు సాగుతుంది. అది కమ్మరి కొలిమి తిత్తి వలె గాలిని లోనికి పీల్చి వెలుపలికి విడుస్తుంది. గాలితో దుమ్మూ పోతుంది. గొట్టం కదలక, కటకాలు లోలోపలనే జరిగే కెమెరా ఇందుకు మేలు. బ్యాటరీ మూత చుట్టూ ఉండే రబ్బరు అంచున ఒక్క వెంట్రుక చిక్కినా నీరు దారి చేసుకొంటుంది.

ఇక ఎండను గూర్చి ఆ రెండంకెలూ ఏమీ చెప్పవు. పెక్కు కెమెరాలకు తయారీదారులు పెట్టిన హద్దు 40 డిగ్రీల సెంటిగ్రేడు. మే నెలలో ఇక్కడి గాలి వేడిమే ఆ హద్దును దాటుతుంది. తలుపులు మూసిన కారులో ఇంకా ఎక్కువ.

అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో చెట్లకు కట్టే కెమెరాలకూ వేడిమితో చిక్కే. జంతువు దేహానికీ, పరిసరాలకూ గల వేడిమి భేదాన్ని గ్రహించి అవి వాటంతట అవే ఫొటో తీస్తాయి. మండే ఎండలో ఆ భేదం తగ్గితే, పులి ఎదుట నడచిపోయినా కెమెరా మేల్కొనకపోవచ్చు. ఏ రెండు పులుల చారలూ ఒకటిగా ఉండవు. ఆ చారలను బట్టే వాటిని లెక్కిస్తారు. ఒక ఫొటో తప్పితే ఒక పులిని గుర్తించే అవకాశం పోయినట్లే.

కావున కొనే ముందు మునక లోతుతో పాటు మొదటి అంకెనూ, వేడిమి హద్దునూ చదవాలి. కొన్న తరువాత కెమెరాను తెల్లని గుడ్డ సంచిలో, నీడపట్టున ఉంచాలి.