ఒక్క ‘సెట్‌’కు ఇన్ని అర్థాలెందుకు?

ఇంగ్లీషులో పొద్దు గుంకినా సెట్టే, సిమెంటు గట్టిపడినా సెట్టే, పరీక్ష పేపరు తయారుచేసినా సెట్టే. టెన్నిస్‌లో కొన్ని గేములు కలిస్తే అదీ సెట్టే. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ 1989 నాటి రెండో కూర్పులో ఈ మాటకు 430 అర్థాలిచ్చి, వాటి వివరణకు సుమారు 60,000 మాటలు ఖర్చుపెట్టారు. 2011లో తిరగరాసిన ‘రన్’ 645 అర్థాలతో దాన్ని దాటేసింది. అంత పెద్ద భాషకు మాటల కరువేమీ లేదు కదా, మరి ఒక్క మాట మీద ఇంత బరువెందుకు?

ముందు దాని పుట్టుక చూడాలి. ‘సిట్’ అంటే కూర్చోవడం, ‘సెట్’ అంటే కూర్చోబెట్టడం. గడియారం ముల్లును సరైన చోట కూర్చోబెట్టినా, తొలగిన ఎముకను దాని చోట కూర్చోబెట్టినా జరిగేది ఆ పనే. తేదీ, ధర ఒకచోట కదలకుండా నిలపడమూ అదే. పలచగా ఉన్న సిమెంటు కదలిక మాని కుదురుకోవడం మరో అడుగు. పాత ఇంగ్లీషులో సాయంత్రం సూర్యుడు తన ఆసనానికి వెళ్తాడనేవారు. ఆ ఆసనం మాట కూడా ‘సెట్‌’కు చుట్టమే. నాకు ఈ ముక్క ఎంతో ఇష్టం.

అయితే టీ సెట్టు సంగతేమిటి? అది వేరే దారిన వచ్చింది. ఒక గురువును అనుసరించేవారి గుంపును లాటిన్‌లో ‘సెక్టా’ అనేవారు. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరి, పలుకుబడిలో పాత ‘సెట్‌’తో కలిసిపోయింది. మనం లెక్కల్లో సమితి అనేది ఈ గుంపు సెట్టునే.

అసలు కారణం మాత్రం వాడకం. ఎక్కువగా వాడే మాటలకే ఎక్కువ అర్థాలుంటాయని అమెరికా పండితుడు జార్జ్ కింగ్స్‌లీ జిఫ్ 1945లో లెక్కగట్టి చూపాడు. కొత్త అవసరం వచ్చినప్పుడు నోటికి ముందు అందేది రోజూ వాడే మాటే. మన ‘పెట్టు’ను చూడండి. అన్నం పెడతాం, పేరు పెడతాం, ముహూర్తం పెడతాం, దండం పెడతాం, ఆవకాయ పెడతాం. కోడి గుడ్డు పెడుతుంది. ఒకాయన ఊళ్లో కొట్టు పెడతాడు, ఇంకొకాయన నమ్మినవాడికి టోపీ పెడతాడు. ఇవన్నీ మనకు ఎవరూ జాబితా రాసి నేర్పలేదు. పక్కమాటతో కలిపి విన్నాం, అంతే.

‘సెట్‌’కూ అదే దారి. దాన్ని ఒంటరిగా పట్టుకుని అర్థం అడిగితే ఎంత ఇంగ్లీషు వచ్చినవారైనా చెప్పలేరు. పక్కన ‘ఆఫ్’ చేరితే బయలుదేరడం కావచ్చు, బాంబు పేలేలా చేయడం కావచ్చు. వానతో ‘సెట్ ఇన్’ అంటే మన ముసురు పట్టడం. ‘సెట్ అసైడ్’ దగ్గర మరీ జాగ్రత్త కావాలి. డబ్బు విషయంలో అది విడిగా తీసి దాచుకోవడం, కోర్టు తీర్పు విషయంలో కొట్టేయడం. అందుకే పిల్లలచేత అర్థాల పట్టికలు బట్టీ పట్టించడం నాకు నచ్చదు. సూర్యుడితో ఒక వాక్యం, అలారంతో ఒకటి, ధరతో ఒకటి రాయించండి. ఆ వాక్యాలు గుర్తుంటే అర్థం వాటి వెంటే వస్తుంది.

తెలుగులోకి వచ్చాక ఈ మాట ఊరుకోలేదు. “సంబంధం సెట్టయింది”, “ఈ చొక్కా నీకు సెట్ కాలేదు”, “ఆ ఉద్యోగం నాకు సెట్ కాదు” అంటున్నాం. కుదరడం, నప్పడం, సరిపడడం అనే మూడు పనులూ దానికి అప్పగించాం. నేటి మామూలు ఇంగ్లీషులో ఉద్యోగం ఎవరికీ ‘సెట్’ కాదు, అక్కడ ‘సూట్’ అనాలి. తెలుగు వాక్యంలో దీన్ని తప్పని కొట్టేయడానికి నాకు కారణం కనపడదు. ఇంగ్లీషులో ఉత్తరం రాసేటప్పుడు మాత్రం ఈ తేడా గుర్తుంచుకోవాలి.