కర్రీ పాయింటుకు ప్లంబరు కావాలా?

కర్రీ పాయింటో, టిఫిన్ సెంటరో పెట్టబోతున్నారా? ఇంట్లో కుళాయి బాగుచేసే అబ్బాయినే పిలిచి సరిపెట్టకండి. హోటళ్ళలో పనిచేసినవాణ్ణి వెతకండి. అతను పనిచేసిన హోటల్లో అంట్లు తోమే చోట నీళ్ళు నిలుస్తున్నాయేమో చూసి రండి, పనితనం తెలిసిపోతుంది.

నూనె జిడ్డు వేడిమీద నీళ్ళలా పోయినా, పైపులో చల్లారి గడ్డకడుతుంది. పైపు మూసుకుపోతే ఆ రోజు బేరం పోయినట్లే, పైగా పక్క షాపువాళ్ళతో గొడవ! అందుకే సింకు తర్వాత గ్రీజ్ ట్రాప్ పెట్టించండి. జిడ్డు అందులో పైకి తేలి ఆగిపోతుంది. దాన్ని తరచూ తీయించడం మాత్రం మీ పనే. "అదెందుకమ్మా, దండగ" అనే ప్లంబరును గుమ్మంలోంచే పంపించెయ్యండి.

వేడినీళ్ళకు సి.పి.వి.సి. పైపే వేయమనండి, మామూలు పి.వి.సి. మెత్తబడుతుంది. టైల్స్ అంటించకముందే ప్రెషర్ పెట్టి లీకులు లేవని చూపించమనండి. అందాకా కొంత డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.